పడవవాడు 41వ పేజీలో ఎందుకున్నాడు?

తమ్ముడూ,

పర్లాకిమిడిలో బండెక్కి నీ నవల తెరిచాను. నౌపడా వచ్చేసరికి 40 పేజీలయ్యాయి. పదకొండు తరాల రాజులు, రెండు ప్రళయాలు, ఒక శాపం, అన్నీ ఉన్నాయి గానీ ఒక్క మనిషీ నోరు విప్పలేదు. ఆ తర్వాత, అచ్చం మన మహేంద్రతనయలా ఉన్న ఏటి రేవులో, పడవవాడు ఓ ముసలమ్మ నీడని తక్కెడలో వేసి తూచి "తేలిపోతోంది, నువ్వు దిగు" అంటాడే, అక్కడ లేచి కూర్చున్నాను. నవల అక్కడ మొదలుపెట్టు. ఎడిటరు 41వ పేజీ దాకా రాడు, ముందు పదీ పదిహేను చూసి పక్కన పెట్టేస్తాడు.

వంశవృక్షం, చివర పదకోశం కూడా తీసెయ్. సవర మాటలు, ఒడియా మాటలు వాడావు, బావుంది, మన ఇళ్లలో తెలుగు అలాగే ఉంటుంది. కానీ పక్కనే అర్థాలు పెట్టకు, పడవవాడు ఆ మాట అంటూ తెడ్డు అందుకుంటే హైదరాబాదులో ఉన్నవాళ్లకైనా అది తెడ్డని తెలుస్తుంది. అన్నట్టు, గిడుగు రామమూర్తి గారు వాడుక తెలుగు కోసం కొట్లాడింది మన పర్లాకిమిడిలో ఉండే. నీ రాజుల కథేమో ఇంకా గ్రాంథికంలోనే నడుస్తోంది!

రచయిత తరఫున పుస్తకాన్ని ప్రచురణకర్తకు అమ్మిపెట్టే ఏజెంట్లంటూ తెలుగులో పెద్దగా లేరు, నేరుగా ప్రచురణకర్తకే పంపుకోవాలి. ఫైలు ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే తెరుచుకునే యూనికోడ్‌లో ఉండాలి. నా మొదటి నవల డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించి మెయిల్ చేస్తే, అవతల ఆ ఫాంటు లేక 300 పేజీలూ ఇంగ్లీషు గజిబిజిగా తెరుచుకున్నాయట. ఆర్నెల్లు జవాబు కోసం టెన్షన్ పడ్డాక తెలిసింది.

ఇంగ్లీషు చేయించి బయటి ఏజెంట్లకు పంపుతానన్నావు కదా, అక్కడ కొత్తవాళ్ల ఫాంటసీ 90,000 నుంచి 1,20,000 మాటల మధ్య ఉంటే చూస్తారు. నీది తెలుగులోనే 1,40,000. మనం "వెళ్లకపోయుంటే" అని ఒక్క మాటలో అనేది ఇంగ్లీషులో నాలుగైదవుతుంది, లెక్క వేసుకో. 12 పాయింటు అక్షరం, డబుల్ స్పేసింగ్, పేజీ నంబర్లు. ఏజెంటుకు నవల గురించి రాసే ఉత్తరం ఒక్క పేజీ: ఎవరు, ఏం కావాలి, ఏది అడ్డం. కథాసంగ్రహంలో మాత్రం ముగింపు దాచకు. నువ్వేమో పాత సినిమా పాటల పుస్తకంలో "మిగతా కథ వెండితెరపై" అన్నట్టు ఆపేశావు. ఏజెంటు మామూలుగా నీకొచ్చే డబ్బులో 15 శాతం తీసుకుంటాడు, అదీ పుస్తకం అమ్ముడయ్యాకే. చదవడానికే ముందు ఫీజు కట్టమన్నాడా, ఆ మెయిల్‌కి జవాబు కూడా ఇవ్వకు.

వచ్చే ఆదివారం మళ్లీ వస్తున్నాను. ఆ 40 పేజీలు లేకుండా ప్రింటు తీసి ఉంచు. రేవులో దింపేసిన ముసలమ్మ తర్వాత ఏమైందో నువ్వెక్కడా రాయలేదు, అది అడగాలి.