రికార్డు చేసిన పాట సాగదీసినట్టు, శ్రుతి తగ్గి వినిపిస్తోంది. ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కి కలిపే పెట్టె) పాడైందా?

పాడవలేదు, పాట ఫైల్ ఒక శాంపిల్ రేటులో (సెకనుకు ధ్వనిని ఎన్ని ముక్కలుగా, అంటే శాంపిళ్లుగా, కొలిచారో ఆ లెక్క), ఇంటర్‌ఫేస్ మరో రేటులో నడుస్తున్నాయి. ఇంటర్‌ఫేస్‌కి ఉండే గడియారం ఒక్కటే, అది ఒకసారికి ఒకే రేటు పట్టుకుంటుంది. సీడీల లెక్క సెకనుకు 44,100 శాంపిళ్లు, వీడియోలది 48,000. వెనక తెరిచి ఉన్న బ్రౌజర్ ఒక రేటు పట్టుకుని కూర్చుంటే, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఇంకోటి అడుగుతుంది. అక్కడే పేచీ.

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఒక భజన బృందం పాటను వీడియో కెమెరాతో 48,000లో రికార్డు చేశారనుకోండి. దాన్ని మార్చకుండా 44,100లో వాయిస్తే పది నిమిషాల పాట దాదాపు 10 నిమిషాల 53 సెకన్లు అవుతుంది. శ్రుతి హార్మోనియం మీద సుమారు ఒకటిన్నర మెట్టు దిగుతుంది. ఇక తెలుగువాళ్లయినా ఒడియావాళ్లయినా దానితో కలిపి పాడలేరు!

బ్రౌజర్ మూసేసి, విండోస్ సౌండ్ సెట్టింగుల్లో, ఇంటర్‌ఫేస్ ప్యానెల్‌లో, ప్రాజెక్టులో ఒకే రేటు పెట్టండి. ఫైల్ రేటు వేరైతే ప్రాజెక్టులోకి తెచ్చేటప్పుడే కన్వర్ట్ చేయండి.

చాలామంది బఫర్ సైజు (కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసుకునే ధ్వని మొత్తం) పెంచి చూస్తారు. కంప్యూటర్ మీద భారం పడి వచ్చే చిటపటలకు అది మందు, శ్రుతికి కాదు. 96,000 పెట్టినా అంతే, రేట్లు కలవకపోతే గొడవ అలాగే ఉంటుంది.