సైకిల్ తొక్కేది ఒకరు, బిల్లు ఇద్దరికీ

ప్రశ్న: నా వయసు 52 ఏళ్లు. గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పని చేస్తున్నాను. నెలకు చేతికి 2.40 లక్షలు వస్తాయి. అందులో ఇంటి రుణం ఈఎంఐ 62 వేలు, సిప్‌లు 45 వేలు, ఇంటి ఖర్చు 80 వేలు, అమ్మానాన్నల వైద్యానికి 15 వేలు పోతాయి. అత్యవసరాల కోసం 6 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. ఏటా మార్చిలో పన్ను పోను 3 లక్షల దాకా బోనస్ వస్తుంది. ఈ ఏడాది బోనస్‌ను ఇంటి రుణానికి కట్టేశాను. మా అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరంలో ఉంది, 2027 ఆగస్టులో ఎంఎస్‌కు వెళ్లాలనుకుంటోంది. ఆ సెప్టెంబరులోనే మా పెళ్లయి పాతికేళ్లు నిండుతాయి. ఆరేళ్లుగా సైకిల్ తొక్కుతున్న నాకు ఫ్రాన్స్‌లోని ప్రోవాన్స్ ప్రాంతంలో ఆరు రాత్రుల లగ్జరీ సైక్లింగ్ టూరుకు వెళ్లి, మౌంట్ వెంటూ ఎక్కాలని కోరిక. మనిషికి 5,800 యూరోలు అడుగుతున్నారు. స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా పని చేసి మానేసిన నా భార్యకు సైకిల్ రాదు, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. సైకిల్ తొక్కనివారికి వేరే ఏర్పాట్లు ఉంటాయంటున్నారు కానీ ఆమెకూ అదే ధర. 8 లక్షలు పర్సనల్ లోన్ తీసుకోవాలా, పీఎఫ్ నుంచి తీయాలా? టూరు మీద 20 శాతం పన్ను పడుతుందన్నది నిజమేనా? ఈ యాత్ర కోసం 2.75 లక్షలు పెట్టి కార్బన్ సైకిల్ కొనవచ్చా? – ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: మీరు తప్పకుండా వెళ్లిరండి. అయితే ఆ ప్యాకేజీ తీసుకోకండి, అప్పు చేయకండి, పీఎఫ్ జోలికి వెళ్లకండి. మీరు అడిగింది డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నదే అయినా, మీ లెక్కలు చూశాక నాకు అంతకన్నా ముందు తేల్చుకోవలసిన విషయం మరొకటి కనిపించింది. యూరోకు 105 రూపాయలు వేసుకుంటే ఇద్దరికీ కలిపి 12.18 లక్షలయ్యే ఆ ప్యాకేజీలో 6.09 లక్షలు మీ శ్రీమతి గారి పేరు మీద కడుతున్నారు. ఆ డబ్బుకు ఆవిడకు దక్కేదేమిటి?

ఇలాంటి టూర్ల ధరలో మంచి హోటలు, రాత్రి భోజనాలతో పాటు ఇద్దరు గైడ్లు, అద్దె సైకిలు, దాని మరమ్మతు, వెనకే వచ్చే వ్యాను, సామాను ఒక హోటలు నుంచి మరో హోటలుకు చేర్చడం, ఎవరి శక్తికి తగ్గట్టు వారు ఎంచుకోవడానికి రోజూ రెండు మూడు రకాల దారులు ఉంటాయి. అలసిపోయినవారు ఎక్కడ ఆగితే అక్కడ వ్యాను ఎక్కవచ్చు కాబట్టి సైకిల్ తొక్కేవారికి ఈ ఏర్పాటు విలువైనదే, ధర ఎందుకంత ఉంటుందో కూడా అర్థమవుతుంది. కానీ రోజంతా సైకిళ్ల వేగాన్ని బట్టి నడుస్తుంది. తొక్కనివారు హోటలు గది ఖాళీ చేసి, వ్యాను బయలుదేరేదాకా లాబీలో కూర్చుని, మధ్యాహ్న భోజనం దగ్గర మిగతావారిని కలుసుకుని, మళ్లీ వ్యానులో కూర్చోవలసి వస్తుంది.

నా దగ్గర సలహా తీసుకునే ఒక దంపతులు రెండేళ్ల కిందట ఇటలీలో ఇటువంటి టూరు చేసి వచ్చారు. ఖర్చు లెక్క చూసుకుందామని వచ్చినప్పుడు ఆవిడ తన సంచిలోంచి టూరు కార్యక్రమం కాగితాన్ని తీసి నా బల్ల మీద పరిచారు. ప్రతి రోజుకూ ఎదురుగా, అంచు వెంబడి పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో 'లాబీ 2 గం.', 'వ్యాను గంటన్నర', 'ద్రాక్షతోట గేటు దగ్గర 40 ని.' అని రాసుకున్నారు. కూడితే ఆరు రోజులకు పదిహేడు గంటలు అయింది. ఆవిడ ఫిర్యాదుగా ఏమీ అనలేదు, కాగితం మడిచి మళ్లీ సంచిలో పెట్టుకున్నారు. అప్పటి నుంచి జంటలో ఒక్కరే సైకిల్ తొక్కేవారైతే రెండో వారి రోజులకు విడిగా బడ్జెట్ వేయకుండా నేను ఏ లెక్కా పూర్తి చేయడం లేదు.

అన్ని సంస్థలూ ఇలాగే నడుపుతాయని నేను అనను. తొక్కనివారికి ప్రత్యేకంగా గైడును, కారును ఇచ్చేవి, ధర తగ్గించేవి కూడా ఉన్నాయి. మీకు ధర చెప్పినవారిని ఈ మూడింటి గురించీ లిఖితపూర్వకంగా అడగండి. డాన్యూబ్ నది మీద పసావ్ నుంచి వియన్నా దాకా సాగే పడవ-సైకిల్ యాత్రలు ఈ విషయంలో నాకు ఎక్కువ న్యాయంగా కనిపిస్తాయి. అక్కడ పడవే హోటలు. ఒకరు ఒడ్డున చదునైన దారిలో తొక్కుతుంటే మరొకరు డెక్ మీద ఉండవచ్చు, పట్టణం వచ్చినప్పుడు దిగి తిరగవచ్చు, రోజూ పెట్టె సర్దే పని ఉండదు. కానీ మీ మనసు కొండ మీద ఉంది, అక్కడికి పడవ వెళ్లదు.

ఆ కొండ గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే ప్యాకేజీ వద్దనడానికి అది నా రెండో కారణం. బెద్వాన్ ఊరి నుంచి మౌంట్ వెంటూ శిఖరం దాకా 21 కిలోమీటర్ల ఎక్కుడు, సగటు వాలు 7.5 శాతం, శిఖరం ఎత్తు 1,910 మీటర్లు. నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు మన ఓఆర్‌ఆర్ పక్కన ఉన్న 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మీద ఎన్ని వందల కిలోమీటర్లు తొక్కినా, రెండు గంటలకు పైగా ఆగకుండా ఎక్కడం అలవాటు కాదు. వారాంతాల్లో అనంతగిరి ఘాట్ రోడ్డును ఒకే పూటలో పలుమార్లు ఎక్కి దిగడం వంటి సాధన చేయాలి, దానికి డబ్బు ఖర్చు కాదు. అసలు ఇబ్బంది గాలితో వస్తుంది. ఆ ప్రాంతంలో మిస్త్రాల్ అనే బలమైన ఉత్తరపు గాలి వీస్తుంది, చెట్లు లేని ఆ శిఖరం మీద అది వీచే రోజున సైకిల్ నిలపడమే కష్టం. ప్యాకేజీలో వెంటూ ఎక్కే రోజు ముందే ఖరారై ఉంటుంది. ఆ రోజే గాలి వీస్తే 12 లక్షలు కట్టిన మీరు కింది నుంచే కొండను చూసి మరుసటి ఊరికి వెళ్లిపోవలసి వస్తుంది. ఒకే ఊళ్లో ఎనిమిది రాత్రులు ఉంటే గాలి లేని రోజు చూసుకుని ఎక్కుతారు.

అందువల్ల లీల్-సుర్-లా-సోర్గ్ అనే చిన్న పట్టణంలో మకాం పెట్టుకోవడం మీ ఇద్దరికీ కుదురుతుందని నా అభిప్రాయం. బెద్వాన్ అక్కడికి సుమారు 30 కిలోమీటర్లు. ఊరి నడుమ కాలువలు, వాటి మీద పాత నీటి చక్రాలు ఉంటాయి, ఆదివారం పురాతన వస్తువుల సంత జరుగుతుంది. అవిన్యోకు రైలు ఉంది, అక్కడ 14వ శతాబ్దంలో పోపులు నివసించిన కోట ఉంది. అవిన్యో నుంచి ఆర్ల్ కూడా రైలులో దగ్గరే. చిత్రకారుడు వాన్ గోహ్ 1888లో వచ్చి ఏడాదికి పైగా ఉండి బొమ్మలు వేసిన ఊరు అది. ఆ తరువాత ఏడాది ఆయన చికిత్స పొందిన ఆశ్రమం సాన్-రెమీలో ఉంది, కారులో వెళ్లవచ్చు. జీవితమంతా పిల్లలకు బొమ్మలు నేర్పిన మనిషికి వ్యానులో సైకిళ్ల వెనక వెళ్లడం కన్నా ఇవి ఎంత ఎక్కువో మీకు నేను చెప్పనక్కరలేదు. వెంటూ ఎక్కే రోజున ఆవిడ కారులో షాలే రెనార్ దాకా రావచ్చు. శిఖరానికి 6 కిలోమీటర్ల ముందు, చెట్లు అయిపోయి తెల్లటి రాళ్లు మొదలయ్యే చోట అక్కడ ఒక రెస్టారెంటు ఉంది. కిందికి దిగేటప్పుడు చెమటకు చలి పట్టకుండా మీరు వేసుకోవలసిన జాకెట్ ఆవిడ చేతిలో ఉంటుంది.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. ఇవి నేను బడ్జెట్ కోసం కాస్త ఎక్కువగానే వేసిన అంచనాలు, బుక్ చేసేటప్పుడు సరిచూసుకోండి. హోటలుకు రాత్రికి 220 యూరోల చొప్పున ఎనిమిది రాత్రులకు 1,760. మంచి రోడ్ సైకిల్ అద్దె రోజుకు 70 చొప్పున నాలుగు రోజులకు 280. కారుతో సహా సైక్లింగ్ గైడు మూడు రోజులకు 1,350. మీ శ్రీమతి గారికి రెండు రోజుల కారు, డ్రైవరు, ఒక వంట తరగతి, మ్యూజియం టికెట్లు కలిపి 1,000. భోజనాలు రోజుకు 110 చొప్పున 880. రైళ్లకు 400. మొత్తం 5,670 యూరోలు, అంటే 5.95 లక్షలు. విమాన టికెట్లకు 1.70 లక్షలు, వీసా, బీమాలకు 50 వేలు కలిపి, మొత్తం మీద పది శాతం అదనంగా వేసుకుంటే 9 లక్షల దగ్గర ఆగుతుంది. ప్యాకేజీ అయితే విమానం, వీసా, ముందొక రాత్రి, వెనకొక రాత్రి కలిపి 15 లక్షలు దాటుతుంది. రూపాయి బలహీనపడి యూరో 110కి చేరినా మన అంచనాలో 28 వేలే పెరుగుతాయి.

ఈ 9 లక్షలు అప్పు లేకుండానే సమకూరుతాయి. మీరిచ్చిన లెక్క ప్రకారం నెలకు 38 వేలు మిగులుతున్నాయి. ఏప్రిల్ నుంచి 35 వేలతో 17 నెలల రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) తెరిస్తే, 6.5 శాతం వడ్డీతో 2027 ఆగస్టు చివరికి సుమారు 6.24 లక్షలు అవుతుంది. వడ్డీ మీద మీ శ్లాబు ప్రకారం పన్ను ఉంటుంది. వచ్చే మార్చి బోనస్ 3 లక్షలు దీనికి చేరుస్తారు. పదిహేడు నెలల్లో కావలసిన డబ్బును ఈక్విటీ ఫండ్లలో పెట్టకండి, సిప్‌లు ఆపకండి. మరో మాట, ఉద్యోగం లేకపోయినా ఆగని మీ ఖర్చులు నెలకు 1.57 లక్షలు కాబట్టి ఆ 6 లక్షల ఎఫ్‌డీ నాలుగు నెలలకు కూడా సరిపోదు. యాభై దాటిన వయసులో, మీ రంగంలో, ఇది నాకు నిజంగా ఆందోళన కలిగిస్తోంది. యాత్ర నుంచి తిరిగి వచ్చాక ఆ 35 వేలు ఆపకుండా ఎఫ్‌డీని 10 లక్షలకు చేర్చండి. ఈ లోగా ఉద్యోగానికి ఏదైనా అయితే యాత్ర వాయిదా పడాలి, ఆర్‌డీ ఇంటికి వాడుకోవాలి. ఈ మాట ఇద్దరూ ఇప్పుడే అనుకుని ఉండండి.

8 లక్షల పర్సనల్ లోన్ 12 శాతం వడ్డీకి నాలుగేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 21 వేల ఈఎంఐ, మొత్తం వడ్డీ 2.11 లక్షలు. అంతకన్నా పెద్ద నష్టం మీ అమ్మాయి వైపు ఉంది. విద్యా రుణంలో మీరే సహ దరఖాస్తుదారు అవుతారు, మీ పేరు మీద అప్పటికే ఉన్న ఈఎంఐలను బ్యాంకు లెక్కలోకి తీసుకుంటుంది. సరిగ్గా అదే ఏడాది విహారయాత్ర కోసం కొత్త అప్పు చేయడం సబబు కాదు. ఇక పీఎఫ్ సంగతి. 2024-25కు వడ్డీ రేటు 8.25 శాతం. అదే రేటు కొనసాగుతుందనుకుంటే ఇవాళ తీసే 8 లక్షలు మీకు 60 ఏళ్లు వచ్చేనాటికి 15 లక్షలు అయ్యేవి.

పన్ను విషయంలో మీరు విన్నది పాత లెక్క. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవారు మన దగ్గర టీసీఎస్ (అమ్మేటప్పుడే తీసుకునే ముందస్తు పన్ను) వసూలు చేసి ప్రభుత్వానికి జమ చేస్తారు. 2025-26లో అది 10 లక్షల వరకు 5 శాతం, 10 లక్షలు దాటిన భాగానికి మాత్రం 20 శాతంగా ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి ఎంత మొత్తమైనా 2 శాతమే. ఇది అదనపు ఖర్చు కూడా కాదు, మీ ఆదాయపు పన్నులో సర్దుబాటు అవుతుంది, కంపెనీకి తెలియజేస్తే జీతంలో కోసే పన్నులోనే తగ్గిస్తారు. అయితే ఎవరి పాన్ మీద చెల్లింపు జరిగితే వారికే ఆ జమ చూపిస్తుంది కాబట్టి, మీ శ్రీమతి గారి పాన్ మీద కట్టి, ఆవిడ రిటర్ను వేయకపోతే ఆ డబ్బు అక్కడే ఉండిపోతుంది. విమాన టికెట్ ఒక్కటే, లేదా హోటలు ఒక్కటే విడిగా కొన్నప్పుడు దానిని ప్యాకేజీగా పరిగణించరు.

చెల్లింపులకు మామూలు క్రెడిట్ కార్డు వాడితే చాలా కార్డుల మీద 3.5 శాతం దాకా మార్కప్ (విదేశీ కరెన్సీ చెల్లింపు రుసుము), దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, అంటే లక్షకు నాలుగు వేలకు పైనే. ఫారెక్స్ కార్డులో మూడు విడతలుగా యూరోలు నింపుకోండి. షెంగెన్ వీసా రుసుము పెద్దవారికి 90 యూరోలు, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. మీరు మాత్రం ఆ కనీసంతో సరిపెట్టుకోకుండా, కొండ దారుల్లో సైకిల్ తొక్కుతుండగా పడితే వర్తిస్తుందా, అద్దె సైకిల్ దెబ్బతింటే ఎవరు భరిస్తారు అన్నవి పాలసీ పత్రంలో చదివి, అనుమానం ఉంటే ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి.

కార్బన్ సైకిల్ ఇప్పుడు వద్దు. 280 యూరోలు, అంటే 29 వేల రూపాయలతో అక్కడే కొండకు తగిన గేర్లున్న సైకిలు దొరుకుతుంటే, 2.75 లక్షలు పెట్టి కొని, పెట్టెలో సర్ది, విమానంలో దెబ్బ తగులుతుందేమోనన్న భయంతో మోసుకెళ్లనవసరం లేదు.

ఆర్‌డీ ఈ నెలలోనే తెరవండి. మార్చిలో బోనస్ రాగానే విమాన టికెట్లు, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న హోటలు బుక్ చేయండి. గైడుతో మాట్లాడే ముందు ఎనిమిది రోజుల ఖాళీ కాగితం మీ శ్రీమతి గారికి ఇచ్చి ఆర్ల్, సాన్-రెమీ, ఆదివారం సంత ఏ రోజుల్లో కావాలో ఆవిడను రాయమనండి. మిగిలిన రోజుల్లో కనీసం మూడింటిని వెంటూ కోసం అట్టేపెట్టి, వాటిలో ఏ రోజు ఎక్కాలో అక్కడికి వెళ్లాక గాలిని చూసి తేల్చుకుంటామని గైడుతో ముందే ఒప్పందం చేసుకోండి.