సెషన్ టైమ్ పెంచేముందు అందులో ఏం పెడుతున్నారో చూడండి

"పీహెచ్‌పీ యాప్‌లో యూజర్లు ఫారం నింపుతుండగానే లాగవుట్ అయిపోతున్నారు, సెషన్ టైమ్ ఒక రోజుకు పెంచితే సరిపోతుందా?" అని అడిగారు. నేనూ మొదట అదే చేశానండి, సరిపోలేదు. (సెషన్ అంటే, లాగిన్ అయిన యూజర్ గురించి సర్వర్ తాత్కాలికంగా దాచుకునే సమాచారం.)

భీమవరం దగ్గర రొయ్యలు కొనే ఒక వ్యాపారికి బిల్లుల యాప్ రాశాను. పట్టుబడి రోజు గుమాస్తా చెరువు గట్టు మీద నిలబడి ఒక్కో ట్రే తూకం ఫోన్లో ఎక్కిస్తాడు. తూకాలన్నీ సెషన్‌లోనే ఉంచి, చివర్లో 'బిల్లు' నొక్కినప్పుడు డేటాబేస్‌లోకి పంపేవాణ్ణి. ఒకరోజు తెల్లవారుజామున కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) దగ్గర పేచీ వచ్చింది. రైతు 40 అంటాడు, కొనేవాళ్లు 44 అంటారు. మళ్లీ కేజీ తూచి ఒక్కో రొయ్యా లెక్కపెట్టి ఒప్పుకునేసరికి అరగంట దాటింది. తర్వాతి ట్రే ఎక్కించబోతే లాగిన్ పేజీ వచ్చింది. అప్పటిదాకా ఎక్కించిన 62 ట్రేల తూకం పోయింది. సరుకు ఐసులో వేసేశారు, మళ్లీ తూచే వీల్లేదు. చివరికి రైతు తన చీటీ మీద రాసుకున్న లెక్కే దిక్కయింది.

పీహెచ్‌పీలో డిఫాల్ట్ గడువు 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. గడువు దాటిన వెంటనే పోతుందా అంటే అదీ లేదు. పాత సెషన్లను ఊడ్చే పని డిఫాల్ట్‌గా సుమారు 100 రిక్వెస్టులకు ఒకసారి జరుగుతుంది (సర్వర్ సెట్టింగ్‌ని బట్టి ఇది మారుతుంది). నేనొక్కణ్ణే ఇంట్లో టెస్ట్ చేస్తే గంటైనా సెషన్ ఉండేది, సీజన్‌లో గుమాస్తాలందరూ వాడుతుంటే పోయేది. అది కనిపెట్టడానికి నాకు వారం పట్టింది, టెన్షన్‌తో నిద్ర లేదు.

గడువు 12 గంటలకు పెంచాను. అప్పుడు ఇంకో ఇబ్బంది మొదలైంది. కాటా దగ్గర ఫోన్ ఒకటే, చేతులు మారుతుంది. పొద్దున లాగిన్ అయినవాడి పేరు మీద సాయంత్రం వేరేవాళ్లు బిల్లులు రాసేశారు.

అప్పుడు పద్ధతే మార్చాను. సెషన్‌లో యూజర్ ఐడీ తప్ప ఇంకేమీ ఉంచను. ప్రతి తూకం ఎక్కించగానే డేటాబేస్‌లో డ్రాఫ్ట్‌గా పడుతుంది. మళ్లీ లాగిన్ అయితే ఆగిన ట్రే దగ్గరే తెరుచుకుంటుంది. గట్ల మీద సిగ్నల్ పోయి వచ్చినప్పుడు ఒకే తూకం రెండుసార్లు వచ్చేది కాబట్టి, ఒక బిల్లులో ఒక ట్రే నంబరు ఒక్కసారే పడేలా యూనిక్ కీ పెట్టాను. ఇప్పుడు గడువు 30 నిమిషాలే అయినా ఎవరికీ నష్టం లేదు.

లాగిన్ అవ్వగానే సెషన్ ఐడీ కొత్తది ఇవ్వండి, లేకపోతే పాత ఐడీ తెలిసినవాళ్లు ఆ లాగిన్‌లోకి దూరొచ్చు. ఆ ఐడీని బ్రౌజర్‌లో ఉంచే కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ (స్క్రిప్టులు చదవకుండా), సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్‌లోనే వెళ్లేలా), సేమ్‌సైట్ (వేరే సైట్ల నుంచి వచ్చే రిక్వెస్టులతో వెళ్లకుండా) మూడూ పెట్టండి. లాగవుట్ నొక్కితే సర్వర్లో ఉన్న సెషన్ కూడా చెరిపేయాలి. లాగిన్ టోకెన్ (యూజర్‌ని గుర్తుపట్టే కోడ్) బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో పెట్టమని ఎవరైనా చెబితే మాత్రం వద్దండి, పేజీలోకి చొరబడిన ఏ స్క్రిప్ట్ అయినా దాన్ని చదివేస్తుంది.

మీది షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది) అయితే సెషన్ ఫైళ్ల ఫోల్డర్ మీకు విడిగా ఉందో లేదో ముందు చూడండి. అందరికీ ఒకటే అయితే, పక్క సైటు తక్కువ గడువుతో ఊడ్చినప్పుడు మీ ఫైళ్లూ పోతాయి.