టెక్ సందేహాలు: పాత పోర్షే కొనాలా, గుండె మార్చిన మజ్దానా?

ప్రశ్న: మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పటి నుంచి స్పోర్ట్స్ కారు పిచ్చి, ఇన్నాళ్లకు నాలుగు డబ్బులు చేతిలో ఆడుతున్నాయి. రెండు కార్లు చూసొచ్చాను, ధర దాదాపు ఒకటే. ఒకటి 1994 పోర్షే 968, సిక్స్ స్పీడ్ మాన్యువల్, సర్వీసు బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి. రెండోది 1993 మజ్దా ఆర్‌ఎక్స్-7. దాని అసలు ఇంజిన్ తీసేసి షెవర్లే ఎల్‌ఎస్1 వీ8 పెట్టారు. నడిపితే రెండోదే మతి పోగొట్టింది. "చిన్న ట్యూనింగ్ మిగిలింది, అంతే" అంటున్నాడు అమ్మేవాడు. ఏది తీసుకోమంటారు? వచ్చే ఏడాది కాలిఫోర్నియాలోని బే ఏరియాకు మారాల్సి రావచ్చు.

జవాబు: చివరి వాక్యం మీరు మాటవరసకు రాసినట్టున్నారు కానీ, నా జవాబులో సగం దాని మీదే ఉంది. అక్కడికి వస్తాను.

ముందు ఆ "చిన్న ట్యూనింగ్" సంగతి. పాత ల్యాప్‌టాప్ అమ్మేవాడు "విండోస్ ఒక్కటి వేసుకుంటే చాలండీ" అంటాడు చూశారా, ఇదీ అదే బాపతు. నిజంగా చిన్న పనే అయితే వాడే చేయించి ఇంకో రెండు వేల డాలర్లు ఎక్కువ చెప్పేవాడు.

మజ్దా గుండె ఎందుకు మారుస్తారో తెలిస్తే మిగతాది తేలిక. ఆ తరం ఆర్‌ఎక్స్-7లో కంపెనీ పెట్టింది 13బి-ఆర్‌ఈడబ్ల్యూ అనే రోటరీ ఇంజిన్. పిస్టన్లుండవు, రెండు రోటర్లు తిరుగుతాయి. 1.3 లీటర్లే అయినా రెండు టర్బోలతో అమెరికా మోడల్‌కు 255 హార్స్‌పవర్ ఇచ్చేది. ఆ టర్బోలు ఒకదాని తర్వాత ఒకటి అందుకోవడానికి ఇంజిన్ మీద పిచుక గూడులా అల్లుకున్న వ్యాక్యూమ్ గొట్టాలుంటాయి. ముప్పై ఏళ్ల ఎండకు, వేడికి అవి బిరుసెక్కి పగులుతాయి. రోటర్ల కొసన ఉండే అపెక్స్ సీల్ పోతే ఇంజిన్ విప్పాల్సిందే. అందుకే విసిగిపోయినవాళ్లు ఎల్‌ఎస్1 వైపు వెళ్లారు. 1997లో కార్వెట్‌తో వచ్చిన 5.7 లీటర్ల అల్యూమినియం వీ8 అది, అప్పటికే 345 హార్స్‌పవర్. పరిమాణానికి తేలిక, గట్టి పిండం. దీని కుటుంబపు ఇంజిన్లే సిల్వరాడో పికప్పుల్లోనూ ఉన్నాయి కాబట్టి వాటర్ పంపో సెన్సరో పోతే టెక్సస్‌లో ఏ వీధి చివరి పార్టుల దుకాణంలోనైనా దొరుకుతుంది.

అంటే ఇంజిన్ గురించి నాకు బెంగ లేదు. బెంగంతా ఇంజిన్‌కీ కారుకీ మధ్య ఉన్నదాని గురించి. మజ్దా తయారు చేసిన వైరింగ్, జనరల్ మోటార్స్ తయారు చేసిన కంప్యూటర్, ఈ రెంటినీ కలిపింది ఎవరు? ఓ మిత్రుడి గరాజ్‌లో ఇలాంటి కారు డాష్‌బోర్డు కింద టార్చి పట్టుకుని తల దూర్చాను ఒకసారి. ఫ్యూయల్ పంపుకు వెళ్లే తీగ ఎరుపు, రేడియేటర్ ఫ్యానుకు వెళ్లే తీగ ఎరుపు, ఎక్కడికీ వెళ్లకుండా నల్ల టేపు చుట్టి వదిలేసిన తీగ కూడా ఎరుపే. చేసినవాడి దగ్గర ఆ రోజు ఎర్ర తీగ చుట్ట ఒక్కటే ఉండుంటుంది. బండి బ్రహ్మాండంగా నడిచేది, ఫ్యాను తిరగనని మొరాయించే వరకు.

మీ భాషలో చెప్పాలంటే ఇది డాక్యుమెంటేషన్ లేని కోడ్. రాసినవాడు కంపెనీ వదిలి వెళ్లిపోయాడు, మెయింటెనెన్స్ మీ నెత్తిన పడింది.

దానికి తోడు ట్యూన్ ఫైలు, అంటే ఇంజిన్ ఎలా నడవాలో కంప్యూటర్‌కు చెప్పే సెట్టింగుల ఫైలు. ఎల్‌ఎస్1 కంప్యూటర్‌లో దొంగతనం అడ్డుకునే తాళం ఉంటుంది, సరైన సంకేతం అందకపోతే ఇంధనం ఆపేస్తుంది. మజ్దాలో ఆ సంకేతం పంపేదేదీ లేదు గనుక హెచ్‌పీ ట్యూనర్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఆ తాళాన్ని తీసేస్తారు. పొగ గొట్టంలో ఉండే వెనక ఆక్సిజన్ సెన్సర్లను కూడా అందులోనే ఆఫ్ చేసేస్తారు చాలామంది. రేపు ఆ కంప్యూటర్ పోయిందనుకోండి, స్క్రాప్ యార్డు నుంచి ఇంకోటి తెచ్చి తగిలిస్తే సరిపోదు, పాత ఫైలు అందులోకి ఎక్కించాలి. కొందరు ట్యూనర్లు ఫైలుకు పాస్‌వర్డ్ వేసి ఇస్తారు. అప్పుడు కారు మీది, తాళం వాళ్లది. కాబట్టి ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో, వైరింగ్ పటం కాగితం మీద, ఇంజిన్ ఏ సంవత్సరపు ఏ కారులోంచి తీశారో చెప్పే బిల్లు... ఈ మూడూ అమ్మేవాడి నుంచి తీసుకోకుండా ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. అలాగే ఏసీ ఉందా? ఇలా ఇంజిన్ మార్చేటప్పుడు (దీన్నే స్వాప్ అంటారు) చోటు చాలక మొదట పీకేసేది దాన్నే. ఫ్రిస్కోలో ఆగస్టు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఇక బే ఏరియా. టెక్సస్‌లో 24 ఏళ్లు దాటిన కార్లకు పొగ పరీక్ష లేదు, కాబట్టి మీ రెండు కార్లకూ ఇప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. కాలిఫోర్నియాలో అలా కాదు. అక్కడ 1976, ఆ తర్వాతి మోడల్ పెట్రోల్ కార్లు, మరీ కొత్తవి తప్ప, స్మాగ్ పరీక్ష (పొగ పరీక్షే) దాటాలి. ఇంజిన్ మార్చినవాటిని ప్రత్యేకంగా రెఫరీ దగ్గరకు, అంటే ఇలాంటి కార్లను తనిఖీ చేసే అధికారిక కేంద్రానికి, తీసుకెళ్లాలి. పెట్టిన ఇంజిన్ కారు సంవత్సరానిదో, అంతకన్నా కొత్తదో అయి ఉండాలి. ఆ ఇంజిన్‌తో కంపెనీ ఇచ్చిన, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు, సెన్సర్లు, పెట్రోలు ఆవిరిని పట్టే ఏర్పాటు అన్నీ యథాతథంగా ఉండాలి. పద్ధతిగా చేసిన ఎల్‌ఎస్ స్వాప్ పాసవుతుంది. సెన్సర్లు ఆఫ్ చేసి, ఎగ్జాస్ట్ సూటిగా లాగేసింది పాసవదు. మీకు మతి పోగొట్టిన ఆ చప్పుడు నాకు ఇక్కడి నుంచే అనుమానంగా వినిపిస్తోంది.

పోర్షేకేమో వేరే జబ్బులున్నాయి. 968లో మూడు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, 236 హార్స్‌పవర్. గేర్‌బాక్సు వెనక ఇరుసు దగ్గర పెట్టారు, అందుకే బరువు ముందూ వెనకా సరిసమానంగా సర్దుకుని మలుపుల్లో ఒద్దికగా ఉంటుంది. వీ8 లాగా వీపు మీద చరచదు, అది ఒప్పుకుంటాను. టైమింగ్ బెల్టు తెగితే వాల్వులూ పిస్టన్లూ కొట్టుకుంటాయి, ఇంజిన్ ఖర్చు ఇల్లు గుల్ల చేస్తుంది. బిల్లుల ఫైల్లో మొదట వెతకాల్సింది టైమింగ్ బెల్టు, బ్యాలెన్స్ షాఫ్ట్ బెల్టు చివరిసారి ఎప్పుడు మార్చారన్నది. ఐదేళ్లు దాటితే ఎన్ని మైళ్లు తిరిగిందని చూడకుండా మార్పించేయండి, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. క్యామ్ గొలుసును బిగించే ప్లాస్టిక్ ప్యాడ్లు, గేర్‌బాక్సు పినియన్ బేరింగు కూడా ఈ కారు తెలిసిన మెకానిక్‌తో చూపించండి.

ఇంకోటుంది, నాకు భలే ఇష్టం. డీఎమ్ఈ రిలే. అగ్గిపెట్టెంత డబ్బా. కంప్యూటర్‌కూ ఫ్యూయల్ పంపుకూ కరెంటు దీని గుండానే వెళ్తుంది. లోపల టంకం పగిలితే నిన్నటి దాకా నడిచిన కారు పొద్దున్నే స్టార్టర్ తిప్పుతూ ఉంటుంది కానీ అందుకోదు. అందుకే ఈ కార్ల పాత యజమానులు గ్లవ్‌బాక్సులో ఒకటి స్పేర్‌గా పడేసుకుంటారు. ముప్పై ఏళ్లుగా అందరికీ తెలిసిన జబ్బు, చేతిలో మందు. మజ్దాకు వచ్చే జబ్బు మాత్రం ప్రపంచంలో ఆ ఒక్క కారుకే రావచ్చు.

మీరున్న పరిస్థితిలో పోర్షే తీసుకోండి. ఫ్రిస్కోలోనే స్థిరపడేవాళ్లయి, సొంత గరాజూ ఇంకో కారూ ఉండి, ఆదివారాలు తీగలు వెతకడం సరదా అయితే జవాబు మారేది. నేనైతే మజ్దానే కొని తిట్లు తినేవాణ్ణేమో, అది వేరే కథ.

ప్రశ్న: (ఆయనదే) నా దగ్గర చవక బ్లూటూత్ ఓబీడీ ప్లగ్గుంది, కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు ఫోన్‌లో చూపించేది. చూడబోయేటప్పుడు తీసుకెళ్లనా?

జవాబు: తీసుకెళ్లండి, కానీ తమాషా చూడండి. అమెరికాలో ఓబీడీ-2 తప్పనిసరి అయింది 1996 మోడళ్ల నుంచి. 1994 పోర్షేకు మీ ప్లగ్గు తగలదు. 1993 మజ్దాకు మాత్రం, వీ8తో పాటు దాని పోర్టు కూడా తెచ్చి ఉంటే, తగులుతుంది. తప్పుల కోడ్‌లు ఒక్కటీ కనబడకపోతే సంబరపడకండి. రెడీనెస్ మానిటర్ల పేజీ తెరవండి, పొగకు సంబంధించిన స్వయం పరీక్షలు కారు పూర్తి చేసిందో లేదో అక్కడ కనబడుతుంది. చాలావరకు "అందుబాటులో లేదు" అని వస్తే, ఫైల్లో ఎవరో వాటి నోరు కట్టేశారన్నమాట.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా నాన్నగారి కాంటెస్సా ఉంది. వేరే కంపెనీ పెద్ద ఇంజిన్ పెట్టిస్తే రిజిస్ట్రేషన్ అవుతుందా?

జవాబు: ఆశ పెట్టుకోకండి. ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి తేడా పడేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. సీఎన్‌జీ, ఎలక్ట్రిక్‌కు మార్చుకోవడానికి ఆమోదం పొందిన కిట్లతో వీలుంది. పాత ఇంజిన్‌నే బోర్ చేయించి, కార్బురేటర్ శుభ్రం చేయించి నడపండి. ఏ పని మొదలెట్టినా ముందు ఆర్టీఏ ఆఫీసులో కాగితం మీద అడగండి, మెకానిక్ నోటి మాట మీద వద్దు.