క్రీమ్ ఖరీదైనదే, రాసిన చెయ్యే పిసినారిది

సూపర్‌మార్కెట్ వాళ్ళు సొంత పేరుతో అమ్మే చవక సన్‌స్క్రీన్ పిల్లలకి పెద్ద బ్రాండంత బాగా పనిచేస్తుందా అని అడిగారు. పనిచేస్తుంది. మా ఇంట్లో అయితే ఇంకా బాగా పనిచేసింది. ఎలా అంటే, మా తోడికోడలి ముందు నా పరువు పోయిన కథ చెప్పాల్సి వస్తుంది.

మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. రెండు కుటుంబాలం కలిసి సముద్రానికి వెళ్ళాం. అంతకుముందు రెండు రాత్రులు కూర్చుని రివ్యూలన్నీ చదివి, పిల్లల కోసమే ప్రత్యేకం అని రాసి ఉన్న, బాగా పేరున్న బ్రాండు ట్యూబు ఒకటి తెప్పించాను. 50 గ్రాములది. మా తోడికోడలేమో సంచిలోంచి పంపు ఉన్న పెద్ద సీసా తీసింది. ఇంటి సరుకులు కొనే చోటే, ఆ షాపు పేరుతోనే ఉన్న సీసా. నా ట్యూబు రేటుకి అలాంటివి నాలుగొస్తాయి. పైకేమీ అనలేదు గానీ, మనసులో మాత్రం “పిల్లాడి ఒంటి దగ్గర కూడా ఈ కక్కుర్తేంటి” అనుకున్నాను.

సరే, ఇసకలో చాప పరిచి నేను మొదలుపెట్టాను. నుదుటి మీద ఒక చుక్క, బుగ్గలకి చెరో చుక్క, ముక్కు మీద ఒకటి. చేతులకి కందిగింజంత, కాళ్ళకి ఇంకో కందిగింజంత. మూడు వేళ్ళతో జాగ్రత్తగా, ఎక్కడా వృథా కాకుండా సాగదీసి రాశాను. పక్కనుంచి మా తోడికోడలు చూసి, “ఏంటక్కా, పిల్లకి క్రీమ్ రాస్తున్నావా, బొట్లు పెడుతున్నావా?” అని నవ్వింది.

తనేమో పంపు టకటకా నొక్కి, అరచెయ్యి నిండా తీసుకుని, గోడకి సున్నం వేసినట్టు వాళ్ళబ్బాయికి పూసేసింది. మెడ వెనక, చెవుల వెనక, మోకాళ్ళ వెనక మడతల్లో, పాదాల మీద. వాడు “అమ్మా, చాలే” అని మెలికలు తిరుగుతుంటే రెక్క పట్టుకుని మరీ రాసింది. గంటన్నర అయ్యాక వాణ్ణి నీళ్ళలోంచి లాక్కొచ్చి, తువ్వాలుతో తుడిచి, మళ్ళీ మొదటినుంచీ. నేను రెండోసారి రాయలేదు. నా ట్యూబు మీద వాటర్ రెసిస్టెంట్ అని ఉందిగా! ఆ మాటకి అర్థం, నీళ్ళలో ఇన్ని నిమిషాలు నిలుస్తుందని మాత్రమే. సాధారణంగా అది 40 నిమిషాలో 80 నిమిషాలో ఉంటుంది. నా దాని మీద 40 అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అది నేను చదివింది ఆ రాత్రి.

రాత్రి పడుకున్నాక “అమ్మా, దిండు గుచ్చుకుంటోంది” అని లేచింది పిల్ల. లైటు వేసి చూస్తే చెవుల పైఅంచులు, మెడ వెనక, పాపిట గీత, పాదాల పైభాగం ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. చెయ్యి పెడితే సెగ కొడుతోంది. స్విమ్‌సూట్ పట్టీ ఉన్నచోట మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు మామూలు రంగు. ఎడమ బుగ్గ మీదైతే నా మూడు వేళ్ళ జాడ కనిపించింది. వేళ్ళు పోయిన దారిలో చర్మం మామూలుగా ఉంది, ఆ దారికి అటూ ఇటూ ఎర్రగా ఉంది. అంటే క్రీమ్ మంచిదే. నేనే రాయలేదు.

తడిగుడ్డ వేస్తూ తెల్లారేదాకా కూర్చున్నాను. మా తోడికోడలు లేచి వచ్చి, “ఏం కాదులే అక్కా” అని గుడ్డ పిండి ఇచ్చింది. దానికంటే ఎగతాళి చేసినా బాగుండేది.

వాళ్ళబ్బాయికి ఏమీ కాలేదు. వాడు టోపీ పెట్టుకున్నాడు, మధ్యాహ్నం చాలాసేపు గొడుగు కింద నిద్రపోయాడు, అది నిజమే. ఆ పాయింటు మా ఆయన అప్పుడే లేవదీశారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఎస్‌పీఎఫ్ అంటే ఎండకి కమలకుండా క్రీమ్ ఎంత కాపాడుతుందో చెప్పే అంకె. అది ఎంతో తేల్చే పరీక్షలో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తారు. ఆరేళ్ళ పిల్ల ఒళ్ళంతా కలిపితే సుమారు 0.8 చదరపు మీటర్లు. అంటే ఒళ్ళంతా ఒక్కసారి సరిగ్గా రాయాలంటే 16 గ్రాములు కావాలి. స్విమ్‌సూట్ కప్పిన భాగం తీసేసినా, నా 50 గ్రాముల ట్యూబు నాలుగైదుసార్లకి అయిపోవాలి. రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి వచ్చినప్పుడల్లా రాయాలంటారు కదా, ఆ లెక్కన అది రెండు రోజుల సరుకు. నేను దాన్ని ఏడాదంతా వాడాలని కొన్నాను! మామూలుగా జనం ఆ పరీక్షలో రాసేదాంట్లో సగమో పావో రాస్తారట. నేను పావు కూడా రాసి ఉండను. డబ్బాలో ఎస్‌పీఎఫ్ 50 ఉంటే ఉండొచ్చు, పిల్ల ఒంటి మీద లేదు. ఖరీదైన వస్తువుతో వచ్చే తంటా ఇదే, చేతికి వాడబుద్ధి కాదు.

ఇక చవకది ఎలా అంత చవక అంటారా? చాలా సూపర్‌మార్కెట్లు తయారీదారులతో చేయించుకుని తమ పేరు అంటించుకుంటాయి. ప్రకటనల ఖర్చు తక్కువ. ఎండని ఆపే పదార్థాలు ఎవరికైనా అనుమతి ఉన్న ఆ కొన్నే. జింక్ ఆక్సైడ్ చవక సీసాలో ఉన్నా, వెండి రంగు ట్యూబులో ఉన్నా జింక్ ఆక్సైడే. ఖరీదైనవి జిడ్డు లేకుండా, తెల్లగా కనబడకుండా హాయిగా ఉంటాయి, కాదనను. కానీ ఇసకలో దొర్లే పిల్లకి ముఖం తెల్లగా ఉంటే ఏం పోయింది? ఎక్కడ రాయలేదో కనిపిస్తుంది, అదీ మంచిదే.

పిల్లల సన్‌స్క్రీన్ అని ఏనుగు బొమ్మ వేసి అమ్మేవాటి మీద నాకు వేరే కోపం ఉంది. ఒకసారి అదే కంపెనీ పెద్దల ట్యూబు పక్కన పెట్టి వెనకాల పదార్థాలు ఒక్కొక్కటీ పోల్చాను. సువాసన తప్ప తేడా లేదు. ఆ ఏనుగుకి అంత రేటా! ఇక స్ప్రేలు. గాలి వీచేచోట అది కొడితే సగం పక్కవాళ్ళ మీద పడుతుంది, మిగతాది పిల్ల ముక్కులోకి పోతుంది. “మన రంగుకి ఇవన్నీ ఎందుకు” అనే పెద్దవాళ్ళకి ఆ రాత్రి మా పిల్ల చెవులు చూపించాల్సింది. ముదురు రంగు చర్మానికి కొంత రక్షణ ఉంటుంది, అంతమాత్రాన కమలదని కాదు.

అలాగని చేతికందిన ప్రతి చవక సీసా కొనమనడం లేదు. ఒకటి నేనే పారేశాను, ఎందుకంటే దాని మీద ఎస్‌పీఎఫ్ అంకె పెద్దగా ఉంది గానీ యూవీఏ అనే ఎండ కిరణాల ఊసే లేదు. ఎస్‌పీఎఫ్ చెప్పేది ప్రధానంగా చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల సంగతి. లోతుకి పోయే యూవీఏ కోసం బ్రాడ్ స్పెక్ట్రమ్ అనో, గుండ్రటి గీతలో యూవీఏ అనో, పీఏ పక్కన ప్లస్ గుర్తులో ఉండాలి. ఎస్‌పీఎఫ్ 30 ఉంటే చాలు. సరిగ్గా రాస్తే 30 సుమారు 97 శాతం యూవీబీని ఆపుతుంది, 50 సుమారు 98 శాతాన్ని. ఆ ఒక్క శాతం కోసం పోట్లాడుకునేవాళ్ళు చెవుల వెనక మాత్రం మర్చిపోతారు. ఇంకో సీసా కారులో ఎండకి మరిగి, విరిగిన పాలలా నీళ్ళు వేరు, ముద్ద వేరు అయిపోయింది. అది బ్రాండు తప్పు కాదు, నాదే.

పేరున్న బ్రాండైతే నమ్మకం కదా అనేవాళ్ళకి ఒక్కటి చెప్తాను. 2025లో ఆస్ట్రేలియాలో చాయిస్ అనే వినియోగదారుల సంస్థ 20 సన్‌స్క్రీన్లని పరీక్ష చేయిస్తే, 16 తమ లేబుల్ మీదున్న ఎస్‌పీఎఫ్ అందుకోలేదు. ఆ 16లో సూపర్‌మార్కెట్ బ్రాండ్లూ ఉన్నాయి, దాచను. కానీ 50+ అని రాసుకుని అన్నిటికంటే ఘోరంగా తేలిన ఖరీదైన క్రీమ్‌కి వచ్చిన అంకె 4. నాలుగు!

అందుకే ఇప్పుడు మా ఇంట్లో పెద్ద సీసా, పొడుగు చేతుల స్విమ్ షర్టు, మెడ మీదికి దిగే టోపీ. మిట్టమధ్యాహ్నం నీడలోనే. ఆరు నెలల లోపు పసివాళ్ళున్నవాళ్ళు ఏ బ్రాండని ఆలోచించనే అక్కర్లేదు. వాళ్ళని నీడలో ఉంచి బట్టలతో కప్పమనే డాక్టర్లు చెప్తారు.

ఆ ట్యూబు మొన్న సొరుగు సర్దుతుంటే దొరికింది. గడువు దాటిపోయింది, ఇంకా సగానికి పైగా ఉంది. పారేయడానికి నాకు మనసొప్పలేదు గానీ, మా అమ్మాయి అడిగి తీసుకెళ్ళి తన బొమ్మకి రాస్తోంది. చెవుల వెనక కూడా.