రూట్ నిండింది, హోమ్ ఖాళీ: ఇలా సర్దు
తమ్ముడూ, నీ లినక్స్‌లో 25 జీబీ రూట్ (సిస్టమ్ ఉండే డిస్క్ భాగం) నిండి అప్‌డేట్లు ఆగాయని, హోమ్‌లో (నీ సొంత ఫైళ్లు ఉండే భాగం) 150 జీబీ ఖాళీగా ఉందని రాశావు. ముందు టెర్మినల్‌లో ‘సుడో ఆప్ట్ క్లీన్’ (sudo apt clean) కొట్టు, డౌన్‌లోడ్ చేసిన ప్యాకేజీ ఫైళ్లు పోయి కాస్త ఊపిరాడుతుంది. అసలు పని లైవ్ పెన్‌డ్రైవ్‌తో (లినక్స్ నేరుగా నడిచే పెన్‌డ్రైవ్) బూట్ చేసి, డిస్క్ భాగాలు మార్చే జీపార్టెడ్‌లో చేయాలి. ఎందుకంటే వాడకంలో ఉన్న ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ సిస్టమ్) భాగాన్ని కుదించలేం. హోమ్ ఎడమ అంచు పట్టుకుని 40 జీబీ కుడికి జరుపు. మధ్యలో బూడిద రంగు ఖాళీ కనిపిస్తుంది. రూట్‌ను అందులోకి లాగి, పైన ఉన్న టిక్ నొక్కు. డేటా అంతా జరగాలి, గంటలు పట్టొచ్చు.

బ్యాకప్ మాత్రం తప్పకుండా తీసుకో. హన్మకొండలో మా ఇంట్లో ఇదే పని సగంలో ఉండగా గాలివానకు కరెంటు పోయింది. అక్క పెళ్లి ఫొటోలు మళ్లీ దొరకలేదు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీయకు, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాల్సిందే.

రూట్‌కూ హోమ్‌కూ మధ్య స్వాప్ (ర్యామ్‌కు తోడుగా వాడే డిస్క్ భాగం) ఉంటే మొదలుపెట్టకు, జీపార్టెడ్ స్క్రీన్ ఫొటో పెట్టు, చూసి చెప్తా.