ఇచ్చింది డబ్బా, అప్పా, గడువా?

డబ్బు సంగతులు: పాఠకుల ప్రశ్నలు, 2020 డిసెంబర్

నవంబర్ 27న రెండో త్రైమాసికం జీడీపీ లెక్క వచ్చింది మొదలు నా ఫోను ఊరుకోవడం లేదు. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ మాంద్యం గురించో, కరోనా దెబ్బకు కేంద్రం ప్రకటించిన 20 లక్షల కోట్ల ప్యాకేజీ గురించో. పేర్లు వద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరి పేర్లూ తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను. పెద్ద ఉత్తరాలను కుదించాను, ఏమీ అనుకోకండి.

మేనేజర్ గారూ, మా ఇంటి లోను ఇంకా 20 లక్షలుంది. వడ్డీ 8 శాతం. లాక్‌డౌన్‌లో ఆర్నెల్లు వాయిదాలు ఆపుకోవచ్చన్నా, భయపడి ఒక్క నెల కూడా ఆపలేదు. నవంబర్ మొదటి వారంలో లోను ఖాతాలో 1,300 చిల్లర పడింది. మళ్లీ వెనక్కి లాక్కుంటారా? వాయిదాలు ఆపిన మా ఆఫీసువాళ్లకూ ఇలాగే పడిందట. మరి కట్టి నేను బాగుపడిందేమిటి? (నెల్లూరు)

ఎవరూ లాక్కోరు. మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా రిజర్వు బ్యాంకు మారటోరియం ఇచ్చింది. ఆ ఆర్నెల్ల వడ్డీ మీద మళ్లీ వడ్డీ వేస్తారా అని జనం సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2020 డిసెంబర్ నాటికి కేసు ఇంకా నడుస్తోంది. ఈలోగా అక్టోబర్ 23న కేంద్రం ఒక పథకం తెచ్చింది. అప్పు 2 కోట్ల లోపుంటే చక్రవడ్డీకీ బారువడ్డీకీ మధ్య తేడా ప్రభుత్వమే భరిస్తుందని, వాయిదాలు కట్టినవాళ్లకూ ఇస్తామని చెప్పింది. మీ లెక్కే చూడండి. 20 లక్షల మీద ఆర్నెల్లకు బారువడ్డీ 80,000. నెలనెలా చక్రవడ్డీ వేస్తే 81,345. ఆ తేడాయే మీకు పడింది.

ఇక బాగుపడిందేమిటంటారా? మారటోరియం అంటే మాఫీ కాదు, గడువు. మీ ఆఫీసువాళ్లకు మాఫీ అయింది ఆ 1,300 మాత్రమే. ఆ 80,000 అసలులో కలిసి అక్కడే కూర్చుంది, దాని మీద వడ్డీ లోను తీరేదాకా నడుస్తుంది. ఎస్బీఐ మొదట్లోనే తన ఖాతాదారులకు ఈ లెక్క చెప్పింది: 30 లక్షల ఇంటి లోను, ఇంకా 15 ఏళ్లు మిగిలి ఉంటే, మూడు నెలలు ఆపినందుకు అదనంగా పడేది సుమారు 2.34 లక్షలు, అంటే ఎనిమిది వాయిదాలు. జీతం ఆగిపోయినవాడు ఆపుకోక తప్పదు, వాణ్ణి తప్పుపట్టను. జీతం వస్తూ ఉండి కూడా ఆపి, ఆ డబ్బుతో టీవీ కొన్నవాళ్లు నాకు తెలుసు.

కట్టినవాడికి కూడా ఇవ్వడం మాత్రం నాకు నచ్చింది. 2008 రైతు రుణమాఫీ అప్పుడు నేను ప్రకాశం జిల్లాలో ఒక పల్లె బ్రాంచిలో ఉన్నాను. 2007 డిసెంబర్ 31 నాటికి గడువు దాటి, 2008 ఫిబ్రవరి 29 దాకా కట్టకుండా ఉన్న బాకీలకే మాఫీ. లబ్ధిదారుల జాబితా బ్రాంచి గోడ మీద అంటించాం. జనవరిలో గేదెల్ని అమ్మి బాకీ తీర్చేసిన రైతొకాయన జాబితాను వేలితో కింది దాకా చూసుకుని, మళ్లీ పైనుంచి మొదలుపెట్టాడు. చివరికి నా వైపు తిరిగి "కట్టినోణ్ణి ఎర్రోణ్ణి చేశారు సారూ" అన్నాడు. రూలు పుస్తకం నా చేతిలోనే ఉంది, అందులో ఆయనకు చెప్పదగ్గ జవాబు లేదు.

సార్, నేను డిగ్రీ విద్యార్థిని. 20 లక్షల కోట్ల ప్యాకేజీని 130 కోట్ల మందికి పంచితే తలకు 15,384 రూపాయలు వస్తాయి. మా ఇంట్లో ఐదుగురం. మా 76,920 ఎక్కడ? (విశాఖపట్నం)

భాగహారం సరిగ్గానే చేశావు బాబూ. భాగించిన సంఖ్యతోనే చిక్కు. మే 12న ప్రధాని ప్రకటించాక, 13 నుంచి 17 దాకా ఆర్థిక మంత్రి రోజుకో విడత వివరాలు చెప్పారు. చివరికి తేల్చిన మొత్తం 20,97,053 కోట్లు. అందులో 8,01,603 కోట్లు రిజర్వు బ్యాంకువి. అంటే బ్యాంకుల దగ్గర అప్పివ్వడానికి డబ్బు ఉండేలా చేసిన ఏర్పాట్లు. అది జనం జేబులోకి వచ్చే డబ్బు కాదు. బ్యాంకులు అందులో అప్పులిచ్చింది కొంతే. భయం కొద్దీ లక్షల కోట్లు తిరిగి రిజర్వు బ్యాంకు దగ్గరే 3.35 శాతానికి పెట్టుకున్నాయి.

ఇంకో 3 లక్షల కోట్లు చిన్న పరిశ్రమలకు హామీ మీద ఇచ్చే అప్పు. 2020 ఫిబ్రవరి 29 నాటికి 50 లక్షల బాకీ ఉన్న మిల్లుకు, అందులో 20 శాతం, అంటే ఇంకో 10 లక్షలు కొత్తగా ఇస్తారు. నాలుగేళ్లలో తీర్చాలి, మొదటి ఏడాది అసలు కట్టక్కర్లేదు. మిల్లు ఎగ్గొడితేనే ప్రభుత్వం కట్టేది. దీన్ని నేను కొట్టిపారేయను. కరెంటు బిల్లుకూ కూలీల జీతాలకూ ఆ 10 లక్షలతో గట్టెక్కినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. అయితే కొనేవాడు కొట్టుకు రాకపోతే ఎంత అప్పిచ్చి ఏం లాభం?

చేతికి నేరుగా అందిన సొమ్ము చూస్తే: 20 కోట్లకు పైగా మహిళల జన్‌ధన్ ఖాతాల్లో నెలకు 500 చొప్పున మూడు నెలలు. మనిషికి 5 కిలోల ఉచిత బియ్యమో గోధుమో, నవంబర్ దాకా. ఉజ్జ్వల కింద మూడు గ్యాస్ సిలిండర్లు. ఉపాధి హామీకి అదనంగా 40,000 కోట్లు. పీఎం కిసాన్ 2,000 కూడా ఈ లెక్కలోనే వేశారు, అది ఎలాగూ ఇవ్వాల్సిందే. రాష్ట్రాలు విడిగా ఇచ్చాయి: ఏప్రిల్‌లో తెలంగాణలో కార్డుకు 1,500, ఆంధ్రలో పేద కుటుంబానికి 1,000. బడ్జెట్‌లోంచి కొత్తగా ఖర్చయింది జీడీపీలో ఒకటి రెండు శాతం మించదని చాలామంది ఆర్థికవేత్తల లెక్క. ప్రకటించింది మాత్రం 10 శాతం అని.

మీ అమ్మగారికి జన్‌ధన్ ఖాతా ఉంటే 1,500 వచ్చి ఉంటుంది, అడిగి చూడు. ఇకముందు ఏ ప్యాకేజీ వార్త చదివినా, ఎన్ని సున్నాలున్నాయో లెక్కపెట్టే ముందు ఒక్కటి అడుగు: ఇచ్చేది డబ్బా, అప్పా, గడువా?

నేను రిటైర్డు హెడ్‌మాస్టర్ని, వయసు 66. ఒక ప్రైవేటు బ్యాంకులో 12 లక్షల ఎఫ్‌డీ ఉంది. జీడీపీ మైనస్ అంటున్నారు, లక్ష్మీ విలాస్ బ్యాంకు మునిగింది. వేసవిలో మా పింఛన్‌లోనే కోత పెట్టారు. మొత్తం తీసేసి ఇంట్లో పెట్టుకుందామంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (కరీంనగర్)

మాస్టారూ, ఈ విషయంలో నేను అమ్మగారి పక్షం.

ఏప్రిల్-జూన్‌లో జీడీపీ అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 23.9 శాతం తగ్గింది. జులై-సెప్టెంబర్‌లో 7.5 శాతం తగ్గింది. వరసగా రెండు త్రైమాసికాలు తగ్గితే మాంద్యం అనడం ఆనవాయితీ. పడిన మాట నిజమే, రెండోసారి పడింది తక్కువన్నదీ నిజమే. వ్యవసాయమైతే రెండుసార్లూ 3.4 శాతం పెరిగింది. ఆ జీడీపీకీ మీ ఎఫ్‌డీకీ నేరుగా ముడి లేదు.

లక్ష్మీ విలాస్ సంగతి టీవీవాళ్లు సగమే చెప్పారు. నవంబర్ 17న ఖాతాదారుకు 25,000 కంటే ఇవ్వొద్దని ఆంక్ష పెట్టారు. 27 నాటికల్లా డీబీఎస్ బ్యాంకులో కలిపేశారు, ఆంక్ష పోయింది. డిపాజిటర్ల డబ్బుకు ఢోకా లేదు. నష్టపోయింది షేర్లు కొన్నవాళ్లు, వాళ్లకు పైసా మిగల్లేదు.

అలాగని అంతా ఒకే బ్యాంకులో ఉంచమని అనను. డిపాజిట్ బీమా 2020 ఫిబ్రవరి నుంచి లక్ష నుంచి 5 లక్షలకు పెంచారు. ఒక మనిషికి ఒక బ్యాంకులో, అసలూ వడ్డీ కలిపి 5 లక్షలు. బ్రాంచీలు మార్చితే లాభం లేదు, బ్యాంకు మారాలి.

అసలు మీకు అవసరమైంది వేరే ఉంది. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ 2020 డిసెంబర్‌లో 7.4 శాతం ఇస్తోంది. 2020లో గరిష్ఠం 15 లక్షలు, ఐదేళ్లు, వడ్డీ మూడు నెలలకోసారి. మీ 12 లక్షలకు ఏడాదికి 88,800. ఎస్బీఐలో అదే నెల ఏడాది ఎఫ్‌డీ వేస్తే పెద్దల అర శాతం కలుపుకున్నా 5.4 శాతం, అంటే 64,800. రేట్లు తగ్గిస్తే వ్యాపారులకు మేలు అంటారు గానీ, ఆ తగ్గింపులో కొంత మీలాంటివాళ్ల వడ్డీలోంచే పోతోందని ఎవరూ అనరు. అక్టోబర్‌లో ధరల పెరుగుదల 7.61 శాతం. 7.4 కూడా దానికి అందడం లేదు, మరి బీరువాలో పెట్టిన నోట్ల మాటేమిటి? పన్ను కట్టేంత ఆదాయం లేకపోతే, వడ్డీలో పన్ను పట్టుకోకుండా 15హెచ్ ఫారం ఇవ్వండి. ఎఫ్‌డీ గడువు దగ్గరుంటే ఆగండి, ముందే తీస్తే వడ్డీ కోత పడుతుంది. రాత్రి తొమ్మిది దాటాక టీవీ చర్చలు చూడకండి, ఇది బ్యాంకు సలహా కాదు, నాది.

ఇడ్లీ బండి నడుపుతాను. లాక్‌డౌన్‌లో బండి మూలనపడి గిరిగిరి అప్పు చేశాను. మున్సిపాలిటీవాళ్లు 10,000 లోను ఇస్తామంటున్నారు. తర్వాత మాఫీ అవుతుందని అందరూ అంటున్నారు. తీసుకోనా? (ఖమ్మం. కూతురు రాసిపెట్టింది)

తీసుకోమ్మా. మాఫీ అవుతుందని మాత్రం తీసుకోకు. దాని పేరు పీఎం స్వనిధి. 2020 మార్చి 24కు ముందు నుంచీ పట్టణంలో వీధి వ్యాపారం చేస్తున్నవాళ్లకు, తాకట్టు లేకుండా ఇస్తారు. ఏడాదిలో నెలనెలా కట్టాలి. టైముకు కడితే వడ్డీలో 7 శాతం ప్రభుత్వం నీ ఖాతాలో తిరిగి వేస్తుంది, వచ్చేసారి ఎక్కువ అప్పు కూడా పుడుతుంది.

గిరిగిరితో పోల్చి చూడు. వాడు 10,000 అని రాసుకుని 8,500 చేతిలో పెడతాడు. రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తాడు. మూడు నెలల చిల్లరకే 1,500 పోయింది. బ్యాంకు 12 శాతం వేసిందనుకున్నా నెలకు 890 లోపే, ఏడాది మొత్తం వడ్డీ 700 దాటదు, అందులో సగానికి పైగా నీకే తిరిగొస్తుంది. లోను రాగానే ముందు గిరిగిరి తీర్చెయ్. మిగిలితేనే బండి పని. అప్లికేషన్‌కు ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకు, మెప్మా (పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ) వాళ్లు ఊరికే నింపిపెడతారు.

మా వాడు డల్లాస్‌లో హెచ్1బీ మీద ఉన్నాడు. అక్కడ ప్రభుత్వం తలకు 1,200 డాలర్లు ఇచ్చిందట. వాడి స్నేహితుడికి వచ్చింది, వీడికి రాలేదు. ఎందుకు? (తెనాలి)

కోడలు హెచ్4 (భాగస్వామి వీసా) మీద ఉండి, సోషల్ సెక్యూరిటీ నంబరు లేక ఐటిన్ అనే పన్ను నంబరుతో ఇద్దరూ కలిసి రిటర్ను వేసి ఉంటారు. 2020 మార్చిలో చేసిన చట్టం ప్రకారం, అలా కలిపి వేస్తే నంబరు ఉన్న భర్తకూ రాలేదు. స్నేహితుడు బ్రహ్మచారి అయ్యుండాలి. ఆదాయం బాగా ఎక్కువున్నా రాదు. వచ్చినవాళ్లు మాత్రం తిరిగి కట్టక్కర్లేదు, అది అప్పు కాదు. అమెరికా ఈ ఒక్కటి చేతికే ఇచ్చింది.

ఎమ్మెస్సీ, బీఈడీ చేసి పదకొండేళ్లుగా ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. మార్చిలో సగం జీతం ఇచ్చారు, ఆ తర్వాత లేదు. మా ఊరి చెరువులో ఉపాధి పనికి పోతున్నాను. నా దగ్గర చదివిన పిల్లల తల్లులే నా పక్కన తట్ట మోస్తున్నారు. ఇన్ని ప్యాకేజీల్లో మాకేమీ లేదా? (కర్నూలు జిల్లా)

అమ్మా, మీ కోసమని రాసిన పంక్తి ఆ 20 లక్షల కోట్లలో ఒక్కటీ లేదు. జన్‌ధన్ ఖాతా ఉంటే 500, రేషన్ కార్డుంటే బియ్యం, భూమి పాసుపుస్తకం ఉంటే కిసాన్ సొమ్ము, బ్యాంకులో బాకీ ఉంటే ఇంకో బాకీ. జీతం ఆగిపోయిన మనిషి అన్న జాబితా మన దేశంలో ఎవరి దగ్గరా లేదు. అందుకే మీలాంటివాళ్లు లెక్కలోకి రాలేదు. నాకు దీని మీద కోపం ఉంది, కానీ దానివల్ల మీకు ఉపయోగం లేదు కాబట్టి పనికొచ్చేది చెబుతాను.

పాత పే స్లిప్ తీసి చూడండి. పది అంకెల ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) నంబరు ఉందా? ఉంటే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద, సగటు జీతంలో సగం 90 రోజులకు వస్తుంది. ఇంతకు ముందు పావు వంతే ఇచ్చేవారు, 2020 మార్చి 24 నుంచి డిసెంబర్ 31 లోపు ఉద్యోగం పోయినవాళ్లకు సగం చేశారు. కనీసం రెండేళ్లు ఈఎస్ఐలో ఉండాలి. స్కూలు సంతకం అక్కర్లేదు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకంతో మీరే క్లెయిమ్ పెట్టుకోవచ్చు. ఒక మెలిక ఉంది. చాలా స్కూళ్లు జీతం ఇవ్వకుండా, తీసేశామనీ చెప్పకుండా నాన్చుతున్నాయి. రికార్డులో మీరు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నట్టుంటే క్లెయిమ్ ఆగిపోతుంది. ముందు అది తేల్చుకోండి, నోటిమాట కాకుండా కాగితం మీద.

పీఎఫ్ కట్టి ఉంటే, 2020లో తెచ్చిన కరోనా అడ్వాన్సు కింద మూడు నెలల మూలవేతనం, డీఏ, లేదా నిల్వలో 75 శాతం, ఏది తక్కువైతే అది తీసుకోవచ్చు. తిరిగి కట్టనవసరం లేదు. అయితే అది మీ డబ్బే, ఎవరూ ఇచ్చింది కాదు.

ఉపాధి కూలి 2020-21లో రోజుకు 237. కొలతల్లో తేడా వస్తే అంతకన్నా తక్కువ పడుతుంది. మస్టర్‌లో (హాజరు పట్టీలో) మీ పేరు మీద ఎన్ని రోజులు రాశారో వారం వారం చూసుకోండి. డబ్బు పదిహేను రోజుల్లో పడాలి. వీలైతే పక్కన పనిచేసే ఆ తల్లుల లెక్కలూ చూసిపెట్టండి. వాళ్లలో చాలామంది మేస్త్రి చెప్పిందే రాసుకుంటున్నారు.